పెత్కా కంపెనీ నోటీసు

నేను ఒక కంపెనీకి డైరెక్టర్‌ని. నా వాలకం చూస్తే ఎవరూ నమ్మరు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా కంపెనీ మూలధనం రెండు లెవాలు. మా దగ్గరి పట్నం సెవ్లియెవో బస్టాండులో ఆ డబ్బుకి ఒక చిన్న కాఫీ వస్తుంది, చక్కెర ఇంకొంచెం అడిగితే విసుక్కుంటారు. కంపెనీకి ఉన్న ఆస్తల్లా గోర్నా మహలా అనే కొండపల్లెలో ఒక పాత రాతి ఇల్లు, దాని వెనక పెరడు. ఆ ఇంట్లో నేను అద్దెకుంటున్నట్టు కాగితం ఉంది. ఇంటి యజమాని కంపెనీ, కంపెనీ యజమాని నేను. అద్దె ఆలస్యమైతే నన్ను నేనే పిలిచి చీవాట్లు పెట్టుకోవాలి.

ఇంత తతంగం ఎందుకంటే, బల్గేరియాలో మాలాంటి బయటి దేశాలవాళ్ళు ఇంటి గోడలు కొనుక్కోవచ్చు గానీ ఆ గోడల కింద మట్టి కొనడానికి లేదు. మా బ్రిటన్ యూరప్ కూటమిలో ఉన్నన్నాళ్ళూ ఈ పేచీ లేదు. తర్వాత బయటికొచ్చేశాం. బయటికి రావాలని ఓటేసిన మహానుభావుల్లో నేనూ ఉన్నాను, ఆ సంగతి ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మనిషికి లేని హక్కు కంపెనీకి ఉంది. ఇక్కడి చట్టం కింద పుట్టిన కంపెనీ ఇక్కడి మట్టి ఎంతైనా కొనుక్కోవచ్చు. అందుకని ఇక్కడ స్థిరపడ్డ మావాళ్ళంతా తలా ఒక కంపెనీ కని పెట్టుకున్నారు.

వాళ్ళు సెవ్లియెవోలో ఒక కాఫీ హోటల్లో శనివారాలు చేరతారు. నేను ఇల్లు బేరం చేశానని తెలియగానే అందరూ తలో సలహా పారేశారు. ఎవర్నీ నమ్మకు, ఆస్తి కంపెనీ పేరునే పెట్టు, గుండ్రటి రబ్బరు ముద్ర చేయించి బీరువాలో దాచుకో, పొరుగువాడితో నవ్వే ముందే స్థలం కొలిపించు. నేను గంగిరెద్దులా తలాడించాను. నాకు నచ్చని సలహా అందులో ఒక్కటీ లేదు. వేల్స్‌లో మా అమ్మ నాకిచ్చిన ఇంట్లో సగాన్ని విడాకులప్పుడు మా ట్రెవర్ కోర్టు చేత తీయించుకుని పోయాడు. మిగతా సగం అమ్ముకుని ఇలా వచ్చిపడ్డాను. ఇంకోసారి ఎవరైనా నా గడపలో వాటా అడుగుతారేమోనన్న భయం నన్ను వదల్లేదు. అరవై దాటిన ఆడమనిషికి భయమే ఆయుధమని అప్పట్లో గట్టిగా అనుకునేదాన్ని.

కంపెనీకి పేరు కావాలంది అకౌంటెంట్ రుమ్యానా. పట్నంలో ఆవిడ ఆఫీసు, రెండు కుర్చీలు, ఒక నిమ్మమొక్క. నా ఇంటిపేరు ప్రిచర్డ్ అని చెప్పాను.

"అది మలబద్ధకం మందు పేరులా ఉందండీ," అంది రుమ్యానా. "ఇక్కడి లిపిలో రాస్తే ఇంకా ఘోరంగా ఉంటుంది. వేరే ఏదైనా చెప్పండి."

మా వేల్స్‌లో ఇళ్ళకి పేర్లుంటాయి. గేటు మీద రాసి పెట్టుకుంటాం. నేను బేరం చేసిన ఇంటి గేటుకి కూడా ఒక కాగితం అంటించి ఉంది. ఎండకీ వానకీ వెలిసిపోయి అడుగునున్న చిన్న అక్షరాలన్నీ చెరిగిపోయాయి, పైన అయిదు పెద్ద నల్లటి అక్షరాలు మాత్రం మిగిలాయి. నాకు అప్పటికి ఇక్కడి లిపి చదవడం రాదు. ఆ అయిదింటినీ బొమ్మ గీసినట్టు రుమాలు కాగితం మీద గీసి రుమ్యానాకి చూపించాను.

"పెత్కా!" అని చదివిందావిడ. "భలే పాతకాలం పేరండీ. మీకు తెలిసినావిడా?"

"కాదు, ఆ ఇల్లు పేరే అది," అన్నాను, ఏదో కనిపెట్టినదానిలా.

అలా 'పెత్కా' కంపెనీ పుట్టింది. గుండ్రటి ముద్ర వచ్చింది. ఇత్తడి పలక ఒకటి చేయించి, గేటు మీది చిరుగుల కాగితం గోకి పారేసి, సరిగ్గా అదే చోట మేకులు కొట్టి బిగించాను.

అలాంటి కాగితాలు ఊళ్ళో ఇంకా చాలా గేట్లకీ కరెంటు స్తంభాలకీ ఉండేవి. వాటి మీద ఫొటోలు కూడా ఉండేవి. ఎన్నికలు కాబోలు అనుకున్నాను. అభ్యర్థులంతా మరీ పండుముసలివాళ్ళేమిటా అని కూడా అనుకున్నాను. అంతకుమించి నా బుర్ర కదల్లేదు.

మా పక్కింటావిడ దోనా అవ్వ. ఎనభై దాటింది. గట్టి ఎముక, పెద్ద చెయ్యి, తలకి ఎప్పుడూ నల్ల గుడ్డ. మా రెండు పెరళ్ళకీ మధ్య ఆవిడ కట్టె కంచె. నేను దిగిన కొత్తల్లో ఆవిడ నాతో పెద్దగా మాట్లాడలేదు గానీ, ఇత్తడి పలక బిగించిన రోజు నుంచీ మా గేటు ముందు నడిచినప్పుడల్లా ఒక క్షణం ఆగి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని వెళ్ళేది. ఎంత భక్తో అనుకున్నాను. నా పలక అంత హుందాగా ఉందేమోనని కూడా లోలోపల మురిసిపోయాను.

శరదృతువులో సర్వేయర్‌ని పిలిపించాను. అతను కర్రలు పాతి, యంత్రం పెట్టి చూసి, దోనా అవ్వ కంచె ఒక అంగ వెడల్పున, పెరడు పొడవునా, మా నేలలోకి వచ్చి ఉందని తేల్చాడు. నా ఒళ్ళు మండిపోయింది. ట్రెవర్ మళ్ళీ గోడ దూకి వచ్చినట్టే అనిపించింది.

ఇక్కడ నా పాత ఉద్యోగం గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళు మునిసిపాలిటీ ఆఫీసులో పార్కింగ్ జరిమానాల సెక్షన్లో పనిచేశాను. మనుషులతో మాట్లాడ్డం నాకంత చేతకాదు గానీ నోటీసు రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. వెళ్ళి కంచె మీంచి ఒక మాట అడిగితే పోయేది. అడగలేదు. చలికాలమంతా దిద్ది దిద్ది, ఫిబ్రవరి చివర కంపెనీ కాగితం మీద నోటీసు రాసి, రుమ్యానా చేత వాళ్ళ భాషలో పెట్టించి, కింద గుండ్రటి ముద్ర గుద్ది, రిజిస్టరు పోస్టులో పంపాను. పక్కింటికి.

అది దాదాపు ఇలా ఉంటుంది: "దోనా గారికి, పెత్కా తెలియజేయునది ఏమనగా, తమరు వేసుకున్న కంచె నా నేలలో ఉన్నది. ఈ సంగతి తమకు తెలియనిది కాదు. ఈ వేసవిలోగా నా నేల నాకు అప్పగించని యెడల తదుపరి చర్యలు తీసుకొనబడును. ఇట్లు, పెత్కా."

ఆ 'తదుపరి చర్యలు' నేను చాలా ముచ్చటపడి రాసిన ముక్క.

మూడో రోజు పొద్దున్నే గాన్చో వచ్చి తలుపు బాదాడు. గాన్చో మా ఊరి పెద్ద. ఊరి దుకాణమూ అతనిదే, దుకాణంలో సారా పోసే బల్లా అతనిదే. యాభై ఏళ్ళుంటాయి, మీసాల్లో ఎప్పుడూ ఒక నవ్వుంటుంది. ఆ రోజు లేదు.

"ఏం డైరెక్టరమ్మా," అన్నాడు గడప దాటకుండానే, "చచ్చిపోయినవాళ్ళ చేత ఉత్తరాలు రాయిస్తున్నావంటగా?"

"ఎవరు చచ్చిపోయారు?"

"పెత్కా! ఇంకెవరు? నువ్వు కూర్చునే కుర్చీ ఆవిడది, నువ్వు పడుకునే మంచం ఆవిడది. దోనా అవ్వకి తోటికోడలు. పోయి రెండేళ్ళు దాటింది."

ఇంటి పేరనుకున్నానని చెప్పాను. గేటు మీద కాగితం చూసి పెట్టానని చెప్పాను.

"అది చావు కాగితం తల్లీ!" అన్నాడు గాన్చో తల పట్టుకుని. "పోయినవాళ్ళ గేటుకి అంటిస్తాం. నలభై రోజులకోటి, ఆర్నెల్లకోటి, ఏడాదికోటి. మీ దేశంలో మనుషులు చావరా ఏంటి?"

"చస్తారు. గేటుకి అంటించరు."

"ఊరు ఊరంతా ఏమనుకున్నామో తెలుసా? పరాయి దేశం మనిషి, ముక్కూమొహం తెలీని ముసల్దాని పేరు నిలబెట్టింది, ఇత్తడిలో చెక్కించింది, ఎంత మంచి మనసో అనుకున్నాం. నీ పేరు చెప్పుకుని నా దుకాణంలో గ్లాసులెత్తారు కూడానూ."

ఆ గ్లాసుల సంగతి వినగానే నాకు నిజంగా ఏడుపొచ్చింది. జీవితంలో మొదటిసారి నా గురించి నలుగురు మంచి మాట అనుకున్నారు, అదీ నా తెలివితక్కువతనం చూసి.

తర్వాత గాన్చో కూర్చుని అసలు సంగతి చెప్పాడు. ఇద్దరు అన్నదమ్ములు తండ్రి పెరడు పంచుకున్నారు. పెద్దాయన పెళ్ళాం దోనా, చిన్నాయన పెళ్ళాం పెత్కా. పంపకాలైన కొత్తల్లోనే ఇద్దరు ఆడవాళ్ళకీ మాటలు ఆగిపోయాయి. ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలీదు, ఆ ఇద్దరూ చెప్పలేదు. మొగుళ్ళు పోయారు, వీళ్ళు మిగిలారు, ఒకే కంచెకి చెరోవైపు నలభై ఏళ్ళు బట్టలారేసుకున్నారు గానీ ఒక్క పలకరింపు లేదు. పెత్కాకి పిల్లల్లేరు. ఆవిడ పోయాక సోఫియాలో ఉండే మేనల్లుడు ఇల్లు అమ్మేశాడు, నా కంపెనీ కొంది.

"ఇప్పుడేమైంది?" అని అడిగాను.

"ఏమైందా? నిన్న పోస్టుమేన్ నీ నోటీసు ఇచ్చాడు. చదువుకుంది. 'పెత్కా నేల అడుగుతోంది, ఈ వేసవిలోగా రమ్మంటోంది' అంది. లోపలికెళ్ళి, చచ్చిపోయినప్పుడు కట్టాల్సిన బట్టల మూట పెట్టెలోంచి తీసి కుర్చీ మీద పెట్టుకుంది. నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు. తదుపరి చర్యలంటే ఏంట్రా గాన్చో అని నన్నడుగుతోంది. ఏం చెప్పమంటావ్?"

ఇక్కడి ఆడవాళ్ళందరికీ అలాంటి మూట ఒకటి పెట్టెలో ఉంటుంది. అది పెట్టె దాటి బయటికి రావడమే మంచిది కాదు. కోటు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాను.

దోనా అవ్వ తలుపు సగమే తీసింది.

"అవ్వా, తప్పు నాది," అన్నాను. "ఉత్తరం రాసింది నేను. నాకు తెలీక..."

"కింద సంతకం నీదా?"

"కంపెనీది. పెత్కా అని..."

"మరి? నాకు నీతో పనేముంది? రాసినదాన్ని పంపు." తలుపు మొహమ్మీదే వేసేసింది.

నోటీసులతో వచ్చిన తంటాని నోటీసుతోనే సర్దుదామనుకున్నాను. నా బుర్రకి అంతకంటే తట్టదు మరి. "పెత్కా తన కోరికను ఉపసంహరించుకొనుచున్నది" అని ఇంకో కాగితం రాసి, ముద్ర గుద్ది, ఈసారి గాన్చో చేతికిచ్చి పంపాను. అతను ఉసూరుమంటూ తిరిగొచ్చాడు.

"ఏమంది?"

"'చూశావా గాన్చో, దాని పొగరు! చచ్చినా తగ్గలేదు. నీ నేల నాకక్కర్లేదు ఫో అంటోంది' అంది. ఇప్పుడు నీళ్ళు కూడా తాగడం మానేసింది."

రుమ్యానాకి ఫోన్ చేసి కంపెనీ పేరు మార్చేద్దామన్నాను. వాటాదార్ల సమావేశం పెట్టి తీర్మానం చేయాలంది. వాటాదార్లంతా నేనే కాబట్టి ఆ సమావేశం పొయ్యి ముందే జరిపి ఏకగ్రీవంగా ఒప్పేసుకున్నాను. ఈ సంగతి గాన్చో దోనా అవ్వ చెవినేస్తే, "ఇప్పుడు పేరు మార్చుకుని తప్పించుకుందామనుకుంటోందా?" అని గోడవైపు తిరిగి పడుకుందట. తీర్మానం అక్కడితో రద్దయింది.

గాన్చో నా వంటింట్లో కూర్చుని మీసం మెలేస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"ఎల్లుండి క్షమాపణల ఆదివారం," అన్నాడు. "ఈస్టర్ కోసం చేసే పెద్ద ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళింటికెళ్ళి, చెయ్యి ముద్దుపెట్టుకుని, క్షమించమని అడగాలి. తెలుసుగా?"

తెలుసు. కిందటేడు ఊరంతా ఒకరింటికొకరు తిరగడం, కొండ మీద మంటలు వెయ్యడం చూశాను. నా ఇంటికి ఎవరూ రాలేదు, నేనెవరింటికీ వెళ్ళలేదు.

"పెత్కా చిన్న కోడలు. దోనా పెద్ద కోడలు. రావాల్సింది పెత్కా. ఈవిడ ఏటేటా గుడ్డు ఉడకబెట్టి, హల్వా కోసి, పొయ్యి పక్కన కూర్చునేది. నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఆవిడ ఒక్క ఏడూ రాలేదు."

"అయితే?"

"అయితే ఏంటి, ఈ ఏడు రావాలి."

"గాన్చో, ఆవిడ చచ్చిపోయింది."

"కంపెనీ బతికే ఉందిగా?" అన్నాడు. "వయసెంత దానికి? రెండేళ్ళు నిండలేదు. దోనాకంటే చిన్నదే. దానికి డైరెక్టరెవరు?"

రుమ్యానాకి మళ్ళీ ఫోన్ చేశాను. కంపెనీ తరఫున ఎవరితోనైనా, ఏ విషయమైనా మాట్లాడే అధికారం డైరెక్టర్‌కి ఉంటుందా అని అడిగాను. పూర్తిగా ఉంటుందంది. క్షమాపణ అడగడానికి కూడానా అన్నాను.

"చట్టంలో వద్దని ఎక్కడా రాయలేదండీ," అంది రుమ్యానా జాగ్రత్తగా. "కానీ అడిగిన కంపెనీని నేనింతవరకూ చూళ్ళేదు."

ఆదివారం సాయంత్రం మంచి కోటు వేసుకుని, నాలుగు నారింజలు సంచిలో వేసుకుని బయల్దేరాను. పిల్లలు మంటల కోసం ఎండు కంపలు ఈడ్చుకుంటూ కొండెక్కుతున్నారు. పక్కింటికి వెళ్ళడానికి నాకెందుకంత దూరమనిపించిందో తెలీదు. పార్కింగ్ సెక్షన్లో ఉన్నన్నాళ్ళూ గాజుపలక ఇవతల కూర్చున్నదాన్ని నేను. బతిమాలుకునేవాళ్ళు అవతల నిలబడేవారు. ఆసుపత్రి ముందు బండి ఆపామని ఏడ్చినవాళ్ళని కూడా ఒక్కర్నీ వదల్లేదు, అందుకు నాకొకసారి మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆ అవతలివైపు నిలబడాల్సింది నేను.

గాన్చో తలుపు తీసి, నన్ను లోపలికి తోసి, కట్టెలు తెస్తానని మాయమైపోయాడు.

దోనా అవ్వ లేచి కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది. శుభ్రమైన నల్ల రవిక, నల్ల కుచ్చిళ్ళ లంగా. పక్క కుర్చీ మీద ఆ మూట. బల్ల మీద ఉడికించిన గుడ్డొకటి, హల్వా ముక్కలు, పళ్ళాలు రెండు. ఆ రెండో పళ్ళెం చూసేసరికి నేను రాసుకుని బట్టీపట్టిన వాక్యాలన్నీ ఎగిరిపోయాయి.

మోకాళ్ళ మీద కూర్చోబోతే కుడి మోకాలు ఫట్‌మని మోగింది. ఆవిడ చేతిని పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను. గరుగ్గా, చల్లగా ఉంది.

"ఎవరొచ్చింది?" అంది దోనా అవ్వ, నన్నే చూస్తూ.

"పెత్కా కంపెనీ తరఫున, డైరెక్టర్‌ని..."

"డైరెక్టర్లూ గియిరెక్టర్లూ నాకెందుకు? ఎవరొచ్చింది?"

"పెత్కా," అన్నాను.

ఆవిడ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

"నన్ను క్షమించు," అన్నాను.

దానికి జవాబు ఒకటే. దేవుడు క్షమిస్తాడు అనాలి. తర్వాత గుడ్డు తిని ఇంటికి పోవాలి. గాన్చో నాకు అంతవరకే చెప్పి పంపాడు. దోనా అవ్వ ఆ మాట అనలేదు.

"ఇప్పుడా వచ్చేది?" అంది. గొంతు చిన్నగా మొదలై పైకి లేచింది. "ఇన్నేళ్ళూ ఏం చేశావే? ఏటేటా ఎదురుచూస్తే చల్లారిన గుడ్డు కుక్కకేసుకున్నా! ఒక్కసారి రాలేకపోయావా? రావు. ఎందుకొస్తావ్? నీకు తెలుసు. నీ మొగుడు పట్నం వెళ్ళిన రోజున కంచె గుంజలు పీకించింది నేనే. మా ఆయన వద్దన్నాడు. అంగ వెడల్పేగా, ఎవరికి తెలుస్తుందని నేనే నిలబడి జరిపించా. సాయంత్రం నువ్వు పెరట్లోకొచ్చావ్. కంచె చూశావ్. నన్ను చూశావ్. నోరు తెరిచి ఒక్క మాట అన్లేదు. బక్కెట్ తీసుకుని లోపలికెళ్ళిపోయావ్! దొంగముండా అని తిట్టుంటే ఆ రోజే తీసేసేదాన్ని కదే. జుట్టు పట్టుకునుంటే తీసేసేదాన్ని. నువ్వేమో మాట్లాడ్డం మానేశావ్. ఎలా తియ్యను? తీస్తే దొంగనని ఒప్పుకున్నట్టేగా ఊరి ముందు!"

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆవిడ రొప్పుతోంది.

"నువ్వు నన్నడగడమేంటే," అంది చివరికి, మెల్లగా. "నువ్వే నన్ను క్షమించు."

ఈ ఘట్టానికి నేను సిద్ధపడి రాలేదు. కంపెనీ ముద్ర నా దగ్గర ఉందని, ఇంకొకరి పుట్టెడు దుఃఖానికి జవాబు చెప్పే హక్కు నాకెక్కడిది?

"అవ్వా," అన్నాను, "నేను పెత్కాని కాదు. గ్లెనిస్‌ని. ఆ మాట నేనెలా చెప్పను?"

"నాకు మతి పోయిందనుకున్నావా అమ్మాయ్?" అంది దోనా అవ్వ. "కంపెనీ అంటే ఏంటో నాకు తెలుసు. దాని సమాధి దగ్గరికి కూడా వెళ్ళి అడిగా. రాయి ఏం మాట్లాడుతుంది? నేల ఎవరిదో వాళ్ళేగా క్షమించాలి? నేల నీ పేరున లేదు. దాని పేరునే ఉంది. దాని తరఫున నోరు తెరిచేదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివే. ఇంకెవర్ని అడగను చెప్పు?"

నన్నెవరూ నమ్మకుండా, నేనెవర్నీ నమ్మకుండా బతకడానికి కట్టుకున్న గోడ ఆ కంపెనీ. ఈ ముసలావిడ తిన్నగా వచ్చి దాని తలుపు తడుతోంది, లోపల ఎవరో ఉన్నారని నమ్మి. ట్రెవర్ గుర్తొచ్చాడు. విడాకుల తర్వాత ఒకసారి ఫోన్ చేశాడు, ఏదో చెప్పబోయాడు, నేను పెట్టేశాను. ఏం చెప్పబోయాడో ఇప్పటికీ తెలీదు.

"పోనీలే అక్కా," అన్నాను.

ఆ 'అక్కా' ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. ఏడాదిగా అవ్వా అని పిలుస్తున్న మనిషి. ఆవిడ మొహం ఒక్కసారి ముడుచుకుపోయి, నా తల తన ఒళ్ళోకి లాక్కుని, ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా మోకాలు చంపేస్తోంది, అయినా లేవలేదు.

కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకుని, గుడ్డు ఒలిచి, రెండు ముక్కలు చేసి, ఒకటి నా పళ్ళెంలో వేసింది.

"తిను. రేపు గాన్చోని పిలిచి కంచె జరిపించు."

"అక్కర్లేదు, ఉండనివ్వండి," అన్నాను. ఆ క్షణంలో నాకు ఆ అంగ నేలే కాదు, పెరడు మొత్తం ఇచ్చేయాలనిపించింది.

"నోర్ముయ్!" అని బల్ల మీద చరిచింది దోనా అవ్వ. "మళ్ళీ మొదలెట్టావా? అక్కర్లేదు అక్కర్లేదు అనేగా నన్నింతకాలం చంపింది! తీసుకో! నీదైతే తీసుకోవాలి."

గాన్చో కట్టెలతో వచ్చేసరికి ఇద్దరం హల్వా మీద పడి ఉన్నాం. మూట పెట్టెలోకి వెళ్ళిపోయింది. అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కట్టెలు దించి, అడక్కుండానే అల్మారాలోంచి సారా సీసా తీశాడు.

మంచు కరిగి నేల మెత్తబడ్డాక కంచె జరిపాం. గాన్చో గుంజలు పీకాడు, నేను పట్టుకున్నాను, దోనా అవ్వ కుర్చీ వేసుకుని కూర్చుని ఇద్దర్నీ తిట్టింది. ఆవిడ పెరడంతా బంగారంలా ఉంటుంది, వెల్లుల్లి అప్పుడే జానెడు లేచింది. కానీ ఆ మొక్కల వరసలన్నీ పాత కంచెకి అంగ దూరంలోనే ఆగిపోయాయి. మిగిలిన పట్టీ అంతా బీడు. గడ్డి కూడా సరిగ్గా లేదు, నడిచి నడిచి రాయిలా గట్టిపడి ఉంది. నడవడానికి దారి వదిలిందేమో అనుకున్నాను.

"ఇక్కడేం వేసేవారు?" అని అడిగాను.

"ఏం వెయ్యలా."

"ఇన్నేళ్ళూనా?"

దోనా అవ్వ ఆ పట్టీకేసి చూసింది, నాకేసి చూడలేదు.

"ఒక ఏడు ఉల్లి వేశా," అంది. "బాగానే ఊరింది. ఒక్క గడ్డ కూడా గొంతు దిగలేదు."